గడగడా చదివేస్తారు, ఏం అర్థమైందంటే గుడ్లప్పగిస్తారు: క్లాసులో టీవీ పెట్టి ఏం చేయాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి) | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి దగ్గర ఒక ప్రైమరీ స్కూల్లో మూడో తరగతి టీచర్ని. ఒడియా మీడియం. క్లాసులో 27 మంది. సగానికి పైగా పిల్లలకు ఇంట్లో తెలుగే. ఐదుగురు సవర పిల్లలు, గిరిజనులు, వాళ్లకు ఇంట్లో సవర భాష. మిగిలినవాళ్లు ఒడియా ఇళ్ల నుంచి వస్తారు.

మొన్న మాకు పెద్ద టీవీ ఒకటి వచ్చింది. గోడకు బిగించారు, రిబ్బను కత్తిరించారు, ఫొటోలు తీసుకున్నారు. ఆ తర్వాత అందులో పాఠాల వీడియోలు వేస్తున్నాం. పిల్లలు చప్పట్లు కొడుతూ చూస్తారు. వీడియో అయిపోయాక నేను ఒక్క ప్రశ్న అడిగితే క్లాసంతా నిశ్శబ్దం.

నా బాధ ఇది. చదవడం రాని పిల్లల సంగతి వేరు, వాళ్లకు అక్షరాలు నేర్పుతున్నాను. చదవడం వచ్చినవాళ్లతోనే నాకు ఎక్కువ టెన్షన్. ఒక తెలుగు పిల్లాడున్నాడు. ఒడియా పేరా ఇస్తే ఎక్కడా ఆగకుండా చదివేస్తాడు. పోయిన వారం పాఠంలో "హాతొ గొడొ ధోఇ ఖాఇబాకు బొసిలా" అని వచ్చింది. కాళ్లూ చేతులూ కడుక్కుని భోజనానికి కూర్చున్నాడని అర్థం. "ఏం కడిగాడ్రా?" అన్నాను. "గోడ కడిగాడు మేడమ్" అన్నాడు. క్లాసులో సగం మంది నవ్వలేదు, వాళ్లూ అదే అనుకున్నారు కాబట్టి! "అన్నానికి కూర్చునే ముందు గోడెందుకు కడుగుతాడు?" అంటే, "పండగేమో" అన్నాడు.

చదివింది అర్థం చేసుకోవడం నేర్పడానికి ఈ టీవీని, నా ఫోన్ని ఎలా వాడొచ్చో మీ క్లాసుల్లో చేసి చూసినవాళ్లు చెప్పండి. వీడియో లింకులు మాత్రం వద్దు. నా దగ్గర ఇప్పటికే నాలుగు వందలున్నాయి.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ) | ఆదివారం, రాత్రి 10:05

మేడమ్, మీ గోడ చదివి మా ఇంట్లో అందరం నవ్వుకున్నాం. మా దగ్గర గోడ కాదు, బాయి!

నాది మరాఠీ మీడియం బడి, గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. గోదావరి దాటితే కాళేశ్వరం. మా పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలంగాణ తెలుగు. మరాఠీలో 'బాఈ' అంటే ఆడమనిషి. మా పిల్లలకు బాయి అంటే నీళ్ల బావి. రెండో తరగతిలో ఒక వాక్యం, "బాఈ పాణీ ఆణాయలా గేలీ". ఆవిడ నీళ్లు తేవడానికి వెళ్లిందని. ఒక పాప చదివి ఆగిపోయింది. నా మొహం చూసి, "బాయి ఎట్ల పోతది సారూ?" అంది.

ఆ రోజు నాకొకటి తట్టింది. క్లాసులో ఆ వాక్యాన్ని తప్పు లేకుండా చదివి కూర్చున్న పన్నెండు మందికన్నా ఈ పాపే బాగా చదివింది. బావి నడవదని దానికి తెలుసు. చదివినదాన్ని తనకు తెలిసినదానితో పోల్చి చూసింది, పొసగలేదని అడిగింది. మీవాడు కూడా అంతే మేడమ్. "పండగేమో" అన్నాడంటే కథలో లేని కారణం కూడా తనే వెతుక్కున్నాడు. వాడికి రానిది ఒక్క మాటే. చదివింది అర్థం చేసుకోవడం వాడికి వచ్చు.

టెక్నాలజీ సంగతి రేపు రాస్తాను. నిద్రొస్తోంది.

మిరప యార్డు (ధర్మాబాద్) | సోమవారం, ఉదయం 6:40

నేను టీచర్ని కాదు, పేరెంట్ని. మిరపకాయల వ్యాపారం. మాది నాందేడ్ జిల్లా, మా అత్తగారిది నిజామాబాద్. బాబు మూడో తరగతి, మరాఠీ బడి. చదివించే యాప్ ఒకటి వేసుకోమని బడిలో చెప్తే ఫోన్లో వేశాను. పైకి చదివితే ఫోను వింటుంది, సరిగ్గా పలికితే నక్షత్రాలు ఇస్తుంది. మావాడికి నాలుగు రోజుల్లో వందకు పైగా నక్షత్రాలు. సంతోషమే. ఒక రాత్రి పక్కన కూర్చుని, "కథలో ఆ ముసలాయన ఎందుకు ఏడ్చాడురా?" అన్నాను. "ముసలాయన ఎక్కడున్నాడు?" అన్నాడు. కథంతా ఆ ముసలాయన గురించే!

ఇంతకీ నా ప్రశ్న, ట్యాబ్ కొనాలా వద్దా? మా ఆవిడ వద్దంటోంది.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ) | సోమవారం, మధ్యాహ్నం 1:20

కొనకండి అన్నా. ఆ డబ్బుతో యాభై కథల పుస్తకాలు వస్తాయి.

మీరు చెప్పిన రకం యాప్ మేమూ వాడి చూశాం. అది వినేది పలుకుని. పిల్లలు పదాన్ని సరిగ్గా పలుకుతున్నారా, ఎక్కడ తడబడుతున్నారు అన్నది అది చెప్పగలదు. ఆ మేరకు పనికొస్తుంది. మరాఠీలో 'ఘర్' అని రాసి ఉంటే మా పిల్లలు 'ఘర' అని అచ్చు చేర్చి చదువుతారు, తెలుగు నాలుక కదా. అలాంటివి దిద్దుకోవడానికి బాగుంది. అర్థమైందా లేదా అని మాత్రం దానికి తెలియదు. పిల్లలకు ఆ సంగతి మనకన్నా ముందు తెలిసిపోతుంది. నక్షత్రం పలుకుకే వస్తుందని తెలిశాక అర్థం గురించి ఎవరు పట్టించుకుంటారు?

ఇంకో చిక్కు, ముప్పై మంది ఒకే గదిలో చదువుతుంటే ఫోనుకు ఎవరి గొంతో తెలియదు. పక్కవాడు చదివిన పదానికి వీడికి నక్షత్రం వచ్చిన రోజులున్నాయి. అందుకే నేను ఒక్కొక్కర్నే బయట వేపచెట్టు కిందకు పంపేవాణ్ణి.

రిటైర్డ్ హెచ్చెమ్ (బరంపురం) | సోమవారం, సాయంత్రం 5:02

ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. టీవీ, టేపు రికార్డరు, రేడియో, అన్నీ చూశాను. ప్రతిదీ వచ్చినప్పుడు ఇక చదువు మారిపోతుందన్నారు. ఆఖరికి అవన్నీ బీరువాలో చేరాయి, తాళం చెవి హెడ్మాస్టరు జేబులో చేరింది. ఆ హెడ్మాస్టర్ని నేనే కాబట్టి ధైర్యంగా చెబుతున్నా.

పాఠాన్ని పదిసార్లు చదివించండి, కంఠస్థం చేయించండి. అర్థం దానంతట అదే వస్తుంది. మా రోజుల్లో అలాగే వచ్చింది.

గుణుపురం రైలు | సోమవారం, సాయంత్రం 5:40

మాస్టారూ, మీమీద గౌరవంతోనే అంటున్నాను. పదిసార్లు చదివితే వాడు పదిసార్లూ గోడే కడుగుతాడు కదండీ!

రాయగడ ఎంఎడ్ | సోమవారం, రాత్రి 8:15

ఈ విషయం మీదే ప్రాజెక్టు రాస్తున్నాను, అందుకే చొరవ తీసుకుంటున్నా. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక సూత్రం చెప్పారు. చదివింది అర్థం కావాలంటే రెండు కావాలి, అక్షరాలను పదాలుగా చదవగలగడం, ఆ భాషను వింటే అర్థం చేసుకోగలగడం. ఈ రెండింటినీ కూడికతో కాదు, గుణకారంతో చూడమన్నారు. ఒకటి సున్నా అయితే ఫలితం సున్నా. మహేంద్రతనయ మేడమ్ పిల్లాడికి మొదటిది నిండుగా ఉంది, రెండోది ఒడియాలో తక్కువగా ఉంది. తెలుగులో ఆ రెండోది కావలసినంత ఉంది, దాన్ని మనం బడి గుమ్మం బయట చెప్పులతో పాటు విడిపించేస్తున్నాం.

తెర మీద చదవడం గురించి కూడా రెండు పెద్ద పరిశీలనలున్నాయి. 2018లో డెల్గాడో బృందం 54 అధ్యయనాలను కలిపి చూసింది, మొత్తం లక్షా డెబ్బై వేల మందికి పైగా పాఠకులు. కాగితం మీద చదివినవాళ్లకే అర్థం కాస్త ఎక్కువైంది. సమాచార పాఠాలు చదివినప్పుడు ఈ తేడా కనిపించింది, సమయం బిగిస్తే ఇంకా పెరిగింది, ఉత్త కథలైతే తేడా లేదు. 2021లో చిన్నపిల్లల బొమ్మల పుస్తకాల మీద ఇంకొకటి వచ్చింది, ఎనిమిదేళ్ల లోపు పిల్లలు, 39 అధ్యయనాలు. అదే పుస్తకాన్ని ఉన్నదున్నట్టు తెరకెక్కిస్తే కాగితమే మేలు. తెరలో చేర్చిన హంగులు కథను నడిపించేవైతే తెరదే పైచేయి. ముట్టుకుంటే అర్థం చెప్పే నిఘంటువు పదాలు నేర్పింది గానీ కథ అర్థం కావడానికి సాయపడలేదు.

మిరప యార్డు (ధర్మాబాద్) | సోమవారం, రాత్రి 8:50

అమ్మా, ఇంతకీ ట్యాబ్ కొనొద్దనేగా? మా ఆవిడకు చూపించాలి.

రాయగడ ఎంఎడ్ | సోమవారం, రాత్రి 8:58

కొనొద్దు అన్నయ్యా. పక్కన కూర్చుని ముసలాయన ఎందుకు ఏడ్చాడని అడిగారు చూడండి, అదే అసలు పని.

మహేంద్రతనయ (పర్లాకిమిడి) | మంగళవారం, రాత్రి 9:30

ఈ రోజు చేసింది రాస్తాను. కొంచెం పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

వీడియో ఆపేశాను. ఫోన్ని కేబులుతో టీవీకి కలిపాను, ఇంటర్నెట్ అక్కర్లేదు. రెండు టిఫిన్ క్యారేజీ గిన్నెలు బోర్లించి ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన స్కేలు అడ్డంగా వేసి, ఫోన్ని రబ్బరు బ్యాండుతో ఆ స్కేలుకు కట్టాను. కెమెరా కిందికి చూస్తుంటుంది. కింద వాళ్ల పాఠ్యపుస్తకమే పెట్టాను. దాంతో పుస్తకంలో పేజీ టీవీ మీద పడింది. వాళ్ల పుస్తకం, వాళ్ల బొమ్మ, మూలన ఎవరో గీసిన మీసాలతో సహా. ఒక్కసారిగా అరిచారు.

తర్వాత ఒక పెళ్లి శుభలేఖ ముక్కతో కింది వాక్యాలన్నీ కప్పేసి, ఒక్కో వాక్యం మాత్రమే తెరిచాను. కథ మామూలుదే. ఒకతను సంతకు వెళ్తాడు. తిరిగొచ్చేటప్పుడు అతని చెప్పులు చేతిలో ఉన్నాయి. అక్కడ ఆపేశాను. "చెప్పులు చేతిలో ఎందుకున్నాయి?" అని అడిగాను. ఏ భాషలోనైనా చెప్పొచ్చన్నాను. ఈ ఒక్క మాటతో క్లాసు మారిపోయింది.

"తెగిపోయాయి" అని ఒకడు. "బురద" అని ఇంకొకడు. "కుక్క వస్తే కొట్టడానికి" అని వెనక బెంచీ. ఎప్పుడూ నోరు విప్పని సవర పాప ఒకతి, కొండ మీద ఊరు దాంది, నెమ్మదిగా లేచి, "కొత్తవి. అరిగిపోతాయని" అంది. శుభలేఖ ముక్క జరిపాను. తర్వాతి వాక్యంలో వాగు, దానికి వంతెన లేదు. చెప్పులు తడవకుండా చేత్తో పట్టుకున్నాడట.

సవర పాప కూర్చోబోతూ, "వాగు దాటాక మళ్లీ వేసుకున్నాడా?" అని అడిగింది. పుస్తకంలో అది లేదు. నాకూ తెలియదు. వేసుకోలేదంటే దాని జవాబే సరైందన్నమాట!

నా లెక్కలో టీవీ ఈ రోజు చేసిన పని ఒక్కటే. 27 మంది కళ్లనూ ఒకే వాక్యం దగ్గర ఆపింది. పుస్తకాలు ఎవరి చేతుల్లో వాళ్లకుంటే సగం మంది పేజీ తిప్పి చివర చూసేస్తారు. నల్లబల్ల మీద రాసుకుంటూ పోతే నా పీరియడ్ అయిపోతుంది.

ఆరో వాక్యం దగ్గర కరెంటు పోయింది. మిగతా కథ పుస్తకంలోనే, శుభలేఖ ముక్కలు చింపి తలా ఒకటిచ్చి చదివించాను. అలా కూడా బాగానే జరిగింది. మరి టీవీ ఎందుకు అంటారేమో, ఈ ఆట టీవీ మీదే నేర్చుకున్నారు.

రిటైర్డ్ హెచ్చెమ్ (బరంపురం) | బుధవారం, ఉదయం 7:15

ఆసక్తిగా ఉంది. అయినా ఒక అభ్యంతరం. కథలో వాగని స్పష్టంగా ఉంది. "కొత్తవి, అరిగిపోతాయని" అన్న జవాబు పరీక్షలో రాస్తే మార్కు వేస్తారా? పిల్లలకు నోటికొచ్చింది చెప్పడం అలవాటు చేస్తున్నామేమో చూసుకోండి.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ) | బుధవారం, మధ్యాహ్నం 1:05

మాస్టారూ, తర్వాతి వాక్యం తెరవక ముందు అది ఊహ. తెరిచాక ఆ ఊహ నిలిచిందో లేదో పిల్లలే చూసుకోవాలి. "నువ్వన్నది ఏ మాట వల్ల అనిపించింది?" అని ఒక్కసారి అడిగితే కుక్కను కొట్టేవాడు తలొంచుకుంటాడు, ఆ పాప తలెత్తుకునే ఉంటుంది. నోటికొచ్చిందానికీ ఆలోచించినదానికీ తేడా అక్కడే తెలుస్తుంది.

ఇక నేను బాకీ ఉన్న సంగతి. నేను వాడేది ఫోన్లో వాయిస్ రికార్డరు. అంతే. కథ చదివాక వారానికి నలుగురు, వేపచెట్టు కింద, పుస్తకం మూసేసి కథ చెప్పాలి. వాళ్ల ఇంటి తెలుగులో. ఒక్కొక్కరికీ నిమిషం. ఇంటికొచ్చి అన్నం తింటూ వింటాను.

మొదట్లో అన్నీ ఒకేలా ఉండేవి. "ఒక కోతి ఉండె. గప్పుడు చెట్టెక్కింది. గప్పుడు పండు తిన్నది. గప్పుడు మొసలి వచ్చింది. గప్పుడు..." ఒక పిల్లాడి నిమిషంలో పదకొండు 'గప్పుడు'లు లెక్కపెట్టాను. జరిగినవన్నీ వరసలో ఉన్నాయి, ఒకదానికొకటి ముడి లేదు. తర్వాత క్లాసులో ఎక్కువగా ఎందుకు, ఎందుకు అని అడగడం మొదలుపెట్టా. మూడు నెలలకు అదే పిల్లాడి రికార్డింగులో, "మొసలి పెండ్లానికి గుండె కావాలె, గందుకే దోస్తు చేసిండు" అని వచ్చింది. ఒక్క 'గందుకే'. అన్నం చెయ్యి ఎండిపోయేదాకా మళ్లీ మళ్లీ విన్నాను. మా ఇంట్లోవాళ్లు నాకు పిచ్చెక్కిందనుకున్నారు.

ఇప్పుడు నా రిజిస్టర్లో ఒక్కో పిల్లాడి పేరు ఎదురుగా రెండు గళ్లు, 'గప్పుడు' ఎన్ని, 'గందుకే' ఎన్ని. ఏ యాప్ చూపించే రంగురంగుల గ్రాఫుకన్నా నాకు ఇదే ఎక్కువ చెబుతుంది.

గుణుపురం రైలు | బుధవారం, మధ్యాహ్నం 2:30

సారూ, ఈ 'గప్పుడు గందుకే' లెక్క నేను ఎత్తేస్తున్నా. మా దగ్గర 'అప్పుడు, అందుకు' అని మార్చుకుంటా.

స్మార్ట్‌పాఠం_అఫీషియల్ | బుధవారం, సాయంత్రం 4:00

[ఈ సందేశాన్ని నిర్వాహకులు తొలగించారు.]

నిర్వాహకుడు | బుధవారం, సాయంత్రం 4:20

పై సభ్యుడు ఒక యాప్ ధర, డిస్కౌంట్ కోడ్ పెట్టారు. ఇక్కడ అమ్మకాలు వద్దని పదోసారి చెబుతున్నాం. చర్చ సాగించండి.

కాశీనగర్ తెలుగు టీచర్ | బుధవారం, రాత్రి 9:10

ఈ వైపు తెలుగు మీడియంలో చెబుతున్న కొద్దిమందిలో నేనొకణ్ణి. నాది వేరే గోల. 2021 జులైలో నిపుణ్ భారత్ (చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన పథకం) మొదలైనప్పటి నుంచి వేగం లెక్క వచ్చింది. రెండో తరగతిలో నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతిలో కనీసం 60, అదీ అర్థం చేసుకుంటూ చదవాలి. లక్ష్యంలో 'అర్థం చేసుకుంటూ' అని స్పష్టంగానే ఉంది. చెకింగుకు వచ్చినప్పుడు మాత్రం స్టాప్‌వాచీ ఒక్కటే బయటికి తీస్తారు.

అందులో తెలుగు పిల్లలకు ఇంకో ఇబ్బంది. హిందీలో 'బినా ఖాయే చలీ గయీ' అంటే నాలుగు పదాలు. మనకు 'తినకుండా వెళ్లిపోయింది', రెండే. ఒక్కో తెలుగు పదం గూడ్సు బండిలాంటిది, పెట్టె వెనక పెట్టె తగిలిస్తూ పోతాం. 'వెళ్లిపోయిందనుకున్నాడు' మనకు ఒక్క పదం. దాన్ని చదివే పిల్ల ఇద్దరు మనుషుల్ని, జరిగిన ఒక పనిని, ఒకరి ఊహని గుర్తుపెట్టుకోవాలి. అరవై లెక్క తెలుగులో ఎంతకు సమానమో ఎవరైనా కూర్చుని చూడాలి.

ఇక్కడ నేను టీవీని వాడేది ఆ పెట్టెలు విప్పడానికే. 'వెళ్లిపోయిందనుకున్నాడు' అని పెద్ద అక్షరాల్లో వేసి, వెళ్లి, పోయింది, అనుకున్నాడు అని ఒక్కోదాన్నీ ఒక్కో రంగులో విడదీస్తాను. "వెళ్లింది ఎవరు? అనుకున్నది ఎవరు?" పిల్లలు పరుగెత్తుకొచ్చి తెరమీద వేలు పెట్టి చూపిస్తారు. తెర నిండా వేలిముద్రలే. తుడవడం నా పని.

రాయగడ ఎంఎడ్ | బుధవారం, రాత్రి 9:45

సార్, ఇది నా ప్రాజెక్టులో రాసుకోవచ్చా? గూడ్సు బండి మీదే అని చెబుతాను.

పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే 2024 నివేదికలో దేశం మొత్తం మీద గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో 16.3 ఉండేది. పెరిగింది, మంచిదే. కాకపోతే ఆ అంకె చదవగలిగినవాళ్లది. చదివి 'బాయి ఎట్ల పోతది' అని అడిగినవాళ్ల లెక్క అందులో ఉండదు.

రిటైర్డ్ హెచ్చెమ్ (బరంపురం) | గురువారం, ఉదయం 6:50

రాత్రంతా ఆలోచించాను. నా మొదటి సందేశంలో కంఠస్థం చేయించండి అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోను, పద్యాలకు అది కావాలి. గోడ కడిగే పిల్లాడికి మాత్రం అది మందు కాదని ఒప్పుకుంటున్నాను.

మా నాన్న చెప్పేవారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డ రోజు వాళ్లు పడుకున్నది మద్రాసు ప్రెసిడెన్సీలో, లేచింది ఒడిశాలో. ఇల్లు అదే, అరుగు అదే. బడిలో పుస్తకం మారింది. నేనూ ఇంట్లో తెలుగు, బడిలో ఒడియాగానే పెరిగాను. నాకెలా అర్థమైందా అని ఆలోచిస్తే గుర్తొచ్చింది. సాయంత్రం అరుగు మీద మా అమ్మ "ఈ రోజు బళ్లో ఏం చెప్పార్రా?" అనేది. ఆవిడకు ఒడియా అక్షరం రాదు. చెప్పింది ఆవిడకు అర్థమయ్యేదాకా వదిలేది కాదు. ఒడియా పాఠాన్ని నేను రోజూ తెలుగులో తిరగజెప్పాను. సిరొంచ మాస్టారు వేపచెట్టు కింద చేయించేది అదే. కంఠస్థం వల్ల వచ్చిందని ఇన్నేళ్లూ అనుకున్నాను.

పర్లాకిమిడి అమ్మాయికి ఇంకో మాట. మీ ఊళ్లోనే 1880లో టీచరుగా చేరిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టారు. వ్యావహారిక భాష కోసం ఆయన పోరాడిన సంగతే అందరికీ తెలుసు. పిల్లలకు తెలిసిన మాటలో చదువు చెప్పాలన్న వాదం మీ వీధుల్లోంచే బయల్దేరింది. నువ్వు "ఏ భాషలోనైనా చెప్పొచ్చు" అన్నావు చూడు, ఆయన వింటే సంతోషించేవారు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి) | గురువారం, మధ్యాహ్నం 1:40

మాస్టారూ, ఇది చదివి స్టాఫ్ రూములో అందరికీ వినిపించాను. సవర పాప ఈ రోజు కూడా మాట్లాడింది. అదీ సవరలో. నాకు ముక్క అర్థం కాలేదు. పక్కనున్న పిల్ల తెలుగులోకి మార్చింది. దాన్ని ఇంకొకడు ఒడియాలోకి మార్చాడు. ఒక్క వాక్యానికి మూడు భాషలు తిరిగాం!

గుణుపురం రైలు | గురువారం, సాయంత్రం 6:15

భాషల సంగతి వచ్చింది కాబట్టి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ సైట్లో ఒకే కథ చాలా భాషల్లో ఉంటుంది, తెలుగు, ఒడియా, మరాఠీ అన్నీ. ఉచితం. దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, మనమే అనువాదం కూడా చేసి పెట్టొచ్చు. నేను ముందు తెలుగు కథ టీవీ మీద వేసి మాట్లాడిస్తాను. మర్నాడు అదే కథ ఒడియాలో, ప్రింటు కాగితాల మీద. కథ ముందే తెలుసు కాబట్టి తెలియని ఒడియా మాటలను వాళ్లే పట్టుకుంటారు. బొమ్మలో కాళ్లు కడుగుతుంటే గొడొ అంటే గోడ కాదని ఎవరూ చెప్పక్కర్లేదు.

కాశీనగర్ తెలుగు టీచర్ | గురువారం, రాత్రి 8:05

ఒక అనుమానం. తెలుగులో ముందే తెలిసిపోతే ఒడియా పేజీని చదవరు, గుర్తున్న కథను అప్పజెబుతారు. మా పిల్లలు ఇంగ్లిషు పాఠానికి అలాగే చేస్తారు.

గుణుపురం రైలు | గురువారం, రాత్రి 8:30

నిజమే, చేశారు. అందుకే ఒడియా కాగితంలో ఒక్క చోట కథ మార్చేస్తాను. తెలుగులో పిల్లి పాలు తాగితే ఒడియాలో మజ్జిగ తాగుతుంది. ఎవరు పట్టుకుంటారో చూస్తాను. మొదటిసారి ఇద్దరే పట్టుకున్నారు. ఇప్పుడు కాగితం అందగానే తప్పు కోసం డిటెక్టివుల్లా వెతుకుతారు. వెతకాలంటే చదవాలిగా!

మిరప యార్డు (ధర్మాబాద్) | గురువారం, రాత్రి 10:10

మజ్జిగ ఐడియా మా ఇంట్లో ఈ రాత్రే చేశాను. కథ నేనే చదువుతూ కావాలని తప్పు చదివాను. "నాన్నా, నీకు చదవడం రాదు" అని పుస్తకం లాక్కున్నాడు.

ఇంకోటి. 'చేండూ' అన్న మరాఠీ మాట దగ్గర వాడు ఆగితే, మా అమ్మ వంటింట్లోంచి "చెండురా, బంతి" అంది. ఆవిడ బడికి వెళ్లలేదు. రెండు భాషల్లోనూ అదే మాటని నాకూ ఇన్నాళ్లు తట్టలేదు.

టీవీలో పాటలకు కింద అక్షరాలు వస్తే పిల్లలకు చదువు వస్తుందంటారు, నిజమేనా? మా ఆవిడ అడగమంది.

రాయగడ ఎంఎడ్ | శుక్రవారం, ఉదయం 7:30

పాట ఏ భాషలో ఉంటే అక్షరాలూ అదే భాషలో ఉండాలి అన్నయ్యా. ఐఐఎం అహ్మదాబాద్‌లో పనిచేసిన బ్రిజ్ కొఠారీ 1996లో ఈ ఆలోచన మొదలుపెట్టారు. నోటికి వచ్చిన పాటే కాబట్టి కన్ను తనకు తెలియకుండానే అక్షరాల వెంట పోతుంది. చదవడంలో పట్టు రావడానికి మంచిది. అర్థం మాత్రం మళ్లీ మీరే మాట్లాడించాలి. వదినగారికి నమస్కారాలు చెప్పండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి) | శుక్రవారం, రాత్రి 9:20

గోడ పిల్లాడి సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరని తెలుసు.

ఈ రోజు గుణుపురం రైలు గారి పద్ధతిలో కాగితం ఇచ్చాను. నా పిల్లి మజ్జిగ తాగడాన్ని ఎనిమిది మంది పట్టుకున్నారు. వాడు పట్టుకోలేదు. నాకు నీరసం వచ్చింది. తర్వాత పాత పాఠం పేజీ టీవీ మీద వేశాను, అదే "హాతొ గొడొ ధోఇ". "ఇప్పుడు చెప్పు, ఏం కడిగాడు?" అన్నాను. "కాళ్లూ చేతులూ" అన్నాడు. సరే అని పేజీ తిప్పబోతే చెయ్యెత్తాడు. "మేడమ్, మరి కుర్చీకి కూడా గొడొ ఉంటుందని వీడంటున్నాడు" అని పక్కనున్న ఒడియా పిల్లాణ్ణి చూపించాడు. ఉంటుంది, ఒడియాలో కుర్చీ కాళ్లనూ గొడొ అనే అంటారు. తెలుగులోనూ కుర్చీ కాళ్లనే అంటాంగా. వాడు ఒక్క క్షణం కుర్చీ వైపు చూశాడు. "నడవదు కదా, మరి కాళ్లెందుకు?" అన్నాడు.

సిరొంచ మాస్టారూ, మీ బావి మా కుర్చీ దగ్గరికి వచ్చింది. దీనికి ఏం చెప్పాలో సోమవారం లోపు రాయండి. ఇంకో విషయం, ఇన్వర్టరు ఎంతలో వస్తుందో ఎవరికైనా తెలుసా? ఈ రోజు మూడుసార్లు పోయింది.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ) | శుక్రవారం, రాత్రి 9:48

కుర్చీ సంగతి వాడినే కనుక్కోమనండి మేడమ్, రికార్డు చేసి పంపండి. ఇన్వర్టరు మా బడికీ కావాలి. ధర తెలిస్తే రెండు చెప్పండి.